చెట్ల మధ్య 1960ల నాటి మోడర్నిస్టు ఇల్లు: కొనొచ్చా, కొంటే ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పచ్చని శివారు కాలనీలో 1960లలో కట్టిన మోడర్నిస్టు ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది. చదునైన కప్పు, తోటవైపు నేల నుంచి సీలింగు దాకా అద్దాలు, కింద ఏ ఆధారమూ లేకుండా ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ, మొజాయిక్ గచ్చు, గోడల్లోనే అమర్చిన చెక్క అల్మారాలు. మొదటి నుంచీ ఒకే కుటుంబం చేతిలో ఉంది, పెద్దగా మార్పులేమీ చేయలేదు. మీకు ఇద్దరు చిన్న పిల్లలు. ఇల్లు చూడగానే మీ ఇద్దరికీ నచ్చేసింది. మీ నాన్నగారు మాత్రం స్థలం కోసమైతే కొనమంటున్నారు, ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోమంటున్నారు. ఏం చూడాలి, ఏం మార్చొచ్చు, స్లాబ్ మీద వాలుగా ఇంకో కప్పు వేస్తే లీకేజీ బాధ తప్పుతుందా అన్నవి మీ ప్రశ్నలు.

ఈ కాలపు ఇళ్ల మరమ్మతే నా వృత్తి కాబట్టి ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. స్లాబ్, బాల్కనీ రెండూ గట్టిగా ఉన్నాయని ఇంజినీరు పరీక్షలో తేలితే ఈ ఇల్లు కొనండి, పడగొట్టకండి. "మార్పులేమీ చేయలేదు" అన్న ఆ ఒక్క మాట వల్లే ఇంత ధీమాగా చెబుతున్నాను. అమ్మకానికి ముందు హంగులు దిద్దిన మోడర్నిస్టు ఇంటికన్నా, వెలిసిపోయినా సరే మొదటి వస్తువులతో ఉన్న ఇంటినే నేను నమ్ముతాను. వాలు కప్పుల మామూలు ఇళ్లలో కప్పుకీ సీలింగుకీ మధ్య అటక ఉంటుంది, తలుపులూ కిటికీల చుట్టూ పట్టీలు ఉంటాయి, అతుకులన్నీ వాటి వెనక దాక్కుంటాయి. ఈ ఇళ్లలో ఆ చాటు లేదు. స్లాబ్ అడుగే సీలింగు, అద్దమే గోడ, దూలం దూలంగానే కనిపిస్తుంది. చెమ్మ పట్టినా, పగిలినా, వంగినా బయటపడి తీరుతుంది, ఎవరో పనిగట్టుకుని కప్పెడితే తప్ప. అందుకే ఇలాంటి ఇంట్లో కొత్త ఫాల్స్ సీలింగో, గోడకి కొట్టిన ప్యానెళ్లో కనిపిస్తే నాకు ముందుగా అనుమానమే వస్తుంది. మీరు చూసిన ఇంట్లో అవి లేవు. ఉన్నది ఉన్నట్టు చూసుకునే అవకాశం మీకు దొరికింది.

కప్పుతో మొదలుపెడదాం. చదునైన కప్పులు కారతాయన్న చెడ్డపేరు ఊరికే రాలేదు. పారిస్ దగ్గర పొయిసీలో ఆర్కిటెక్ట్ లె కార్బుజియె డిజైన్ చేసిన విలా సవోయ్ 1931లో పూర్తయింది. ఆధునిక ఇంటికి అదే నమూనా అని ఇప్పటికీ చెప్పుకుంటారు. వాన పడితే ఇల్లు కారుతోందని ఆ ఇంటి యజమానురాలు ఆయనకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. 1940లో ఆ కుటుంబం ఇల్లు వదిలేసింది, తర్వాత కూల్చేసే దాకా వచ్చింది, చివరికి 1965లో ఫ్రాన్స్ ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. చదునైన కప్పులు కారడానికి ఆనాటి వాటర్‌ప్రూఫింగ్ పదార్థాలు ఒక కారణం, వాలు చాలకపోవడం ఇంకొకటి, అంచుల దగ్గర పనితనం మూడోది. మూడూ ఇవాళ సరిదిద్దుకోగలిగినవే.

చదును అనేది చూపుకే. నీళ్లు పోవాలంటే వాలు ఉండాలి. ప్రతి 80 సెంటీమీటర్లకి కనీసం 1 సెంటీమీటరు దిగాలని లెక్క. కాగితం మీద మాత్రం 40కి 1 పెట్టుకుంటాం, ఎందుకంటే పనిలో తేడాలొస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ స్లాబ్ మధ్యలో కాస్త దిగుతుంది కూడా. దిగినచోట నీళ్లు నిలుస్తాయి, ఆ బరువుకి ఇంకొంచెం దిగుతుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద 5 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే అవి 5 టన్నులు.

కాబట్టి ఇల్లు చూడటానికి మంచి రోజు పెద్ద వాన వెలిసిన రెండు రోజుల తర్వాత. 48 గంటలైనా నీళ్లు నిలిచే ఉంటే వాలు పోయినట్టే. వానలు లేని రోజుల్లో అయినా ఫరవాలేదు, నిచ్చెన వేసుకుని పైకెక్కండి. నీళ్లు నిలిచి ఎండినచోట మట్టి వలయాలు కనిపిస్తాయి, ఒకదానిలో ఒకటి, చెరువు ఎండిన గుర్తుల్లా. ఆ వలయాలు తూము దగ్గర ఉంటే ఆకులు అడ్డుపడ్డాయని అర్థం, తూములు శుభ్రం చేస్తే పోతుంది. స్లాబ్ నడిమధ్యన ఉంటే స్లాబ్ దిగిందని అర్థం, అప్పుడు ఇంజినీరు లెవెల్ పెట్టి కొలవాలి.

ఆ తర్వాత అంచులు. వాటర్‌ప్రూఫింగ్ పొర నేల మీద పరిస్తే సరిపోదు, పిట్టగోడ మీదికి, వెంటిలేటర్ కిటికీల మొదటికి, గొట్టాల చుట్టూ కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కించాలి. పాత ఇళ్లలో ఒక పొర పాడైతే దాని మీదే ఇంకోటి, దాని మీద మరోటి వేసుకుంటూ పోతారు. కప్పు ఎత్తు పెరుగుతుంది, ఈ 15 సెంటీమీటర్లు కాస్తా 5 అవుతాయి, గాలివానకి నీళ్లు ఆ కిటికీ మొదట్లోంచి లోపలికి దిగుతాయి. కింద గదిలో మరక చూసి స్లాబ్ పగిలిందనుకుంటారు. నా దగ్గరికి వచ్చే లీకేజీ కేసుల్లో నడిమి స్లాబ్ కన్నా ఈ అంచులే ఎక్కువ. ఎన్ని పొరలున్నాయో తెలుసుకోవాలంటే ఒకచోట చిన్న ముక్క కోసి చూసి మళ్లీ అతికించాలి. అమ్మేవాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకుని ఆ పని చేయించండి. మధ్య పొర తడిగా చేతికి తగిలితే మొత్తం తీసేసి కొత్తగా వేయాల్సిందే, ఆ ఖర్చు బేరంలో ముందే తగ్గించుకోవాలి. తారు షీట్ల కప్పు సాధారణంగా 15 నుంచి 25 ఏళ్లు పనిచేస్తుంది. చివరిసారి ఎప్పుడు వేయించారో బిల్లుతో సహా అడగండి.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. సీలింగు మీద ప్రతి మరకా లీకేజీ కాదు. వాన లేని చలి రోజుల్లో, తెల్లవారుజామున, బయటి గోడకి ఆనుకున్న మూలల్లో నల్లటి బూజు కనిపిస్తే అది లోపలి గాలిలోని ఆవిరి చల్లటి కాంక్రీటుకి తగిలి నీరు కావడం వల్ల. దానికి పైన ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫింగ్ చేయించినా ప్రయోజనం ఉండదు. స్లాబ్ పైన ఇన్సులేషన్ (వేడీ చలీ దాటకుండా ఆపే పొర), దాని కింద ఆవిరిని ఆపే పొర, ఇంట్లో గాలి ఆడటం, ఇవే మందు. వాన పడినప్పుడు వచ్చి, ఎండ రాగానే గోధుమరంగు వలయం మిగిల్చి పోయేదే లీకేజీ.

ఇక స్లాబ్ మీద వాలుగా ఇంకో కప్పు వేయడం. దయచేసి వద్దు. కొత్త కప్పు బరువంతా గోడల అంచుల మీద పడుతుంది. అక్కడ మీకున్నది అద్దం, సన్నటి స్తంభాలు. గాలి కొత్త కప్పుని పైకి లాగే బలం వేరే ఉంది, దానికి తగ్గట్టు స్లాబ్‌కి బిగించాలంటే పాత వాటర్‌ప్రూఫింగ్‌కి డజన్లకొద్దీ బెజ్జాలు పడతాయి. పాత స్లాబ్‌లో ఏం జరుగుతోందో ఇక ఎవరికీ కనబడదు. పైగా ఆ ఇంటికి కొనుగోలుదారులు వచ్చేదే దాని ఆకారం చూసి. అదే డబ్బుతో పాత పొరలన్నీ తీసేసి, వాలుగా కోసిన ఇన్సులేషన్ బోర్డులు పరిచి, పైన మంచి మెంబ్రేన్, అంటే నీళ్లు దిగని షీటు, వేయించవచ్చు. వాలూ వస్తుంది, ఇల్లూ వెచ్చగా ఉంటుంది. అలా చేసినప్పుడు కప్పు అంచు మందంగా కనిపించకుండా ఇన్సులేషన్‌ని అంచుకి కొంచెం ఇవతలే ఆపి, అక్కడి నుంచి పలచగా దింపుతారు. కింద నిలబడి చూసేవాళ్లకి పాత సన్నటి గీతే కనిపిస్తుంది. ఈ పని తెలిసిన కాంట్రాక్టరు దొరికే దాకా ఆగండి. మామూలుగా డాబాల మీద లేపనాలు పూసేవాళ్లతో ఇది చేయించకండి.

కప్పు తర్వాత నా దృష్టి అంతా బాల్కనీ మీదే ఉంటుంది. రెండు చివరలా ఆనిన స్లాబ్‌లో ప్రధానమైన ఇనుప చువ్వలు అడుగువైపు ఉంటాయి. ఒక్క చివరే పట్టుకుని గాల్లో నిలిచే బాల్కనీలో అవి పైవైపు ఉండాలి, ఎందుకంటే సాగే బలం పైభాగంలో ఉంటుంది. కాంక్రీటు పోసేటప్పుడు పనివాళ్లు ఆ చువ్వల మీద నడిచి కిందికి తొక్కేయడం ఆ రోజుల్లో మామూలే. చువ్వ 3 సెంటీమీటర్లు కిందికి దిగినా బాల్కనీ బలం బాగా పడిపోతుంది. వాన నీళ్లు నిలిచేదీ ఆ పైభాగం మీదే. అందుకని బాల్కనీ మీద మోకాళ్ల మీద కూర్చుని, ఇంటి గోడ కలిసేచోట నేల మీద గోడ పొడుగునా పగులు ఉందేమో చూడండి. వెంట్రుక మందం పగులైనా సరే, గోడకి సమాంతరంగా వెళ్తుంటే ఇంజినీరుకి చూపించకుండా ముందుకెళ్లకండి. ఆపైన కిందికి దిగి, దూరం నుంచి అంచు గీతని చూడండి, నేలకి సమంగా ఉందో ముక్కు వాల్చిందో తెలిసిపోతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1930లలో కట్టిన ఫాలింగ్‌వాటర్ అంత పేరున్న ఇల్లు. దాని టెర్రస్ అంచు దాదాపు 7 అంగుళాలు కిందికి వంగింది. 2002లో లోపల ఉక్కు తీగలు బిగించి లాగి నిలబెట్టారు. అంటే వైద్యం ఉంది, కాకపోతే ఖరీదైనది. కొన్న తర్వాత తెలుసుకుని బాధపడేకన్నా ముందే తెలియడం మంచిది.

బాల్కనీ అడుగున, స్తంభాల మూలల్లో పెచ్చులు ఊడుతున్నాయేమో చూడండి. ఇది ఎందుకొస్తుందో తెలిస్తే ఎంత భయపడాలో మీకే అర్థమవుతుంది. కొత్త కాంక్రీటు గాఢమైన క్షారం, క్షారాన్ని కొలిచే పీహెచ్ అంకె 12.5 పైనే. ఆ క్షారం ఇనుముకి రక్షణ. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి బయటి నుంచి లోపలికి ఇంకుతూ ఆ క్షారాన్ని తగ్గించుకుంటూ వస్తుంది. 9 కిందికి వచ్చాక, తడి కూడా తోడైతే, చువ్వకి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండింతల నుంచి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది, అదే కాంక్రీటుని లోపలి నుంచి పగలగొట్టి పెచ్చుల్లా ఊడదీస్తుంది. ఎంత లోతుకి ఇంకిందో చూడటం తేలిక. చిన్న రంధ్రం వేసి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు ముదురు గులాబీ రంగుకి మారుతుంది, క్షారం పోయిన భాగం రంగు మారదు. రంగు మారని లోతుని చువ్వ మీద ఉన్న కాంక్రీటు మందంతో పోల్చి చూస్తే చాలు.

ఇందులో మీకు కలిసొచ్చేది ఒకటుంది. ఈ ఇంకడం కాలంతో పాటు నెమ్మదిస్తుంది, లోతు కాలం వర్గమూలం లెక్కన పెరుగుతుంది. మొదటి 15 ఏళ్లలో 10 మిల్లీమీటర్లు వెళ్లిందనుకుంటే 20కి చేరడానికి 60 ఏళ్లు పడుతుంది. 60 ఏళ్లు దాటిన కాంక్రీటులో చువ్వకి ఇంకా 10 మిల్లీమీటర్ల దూరం మిగిలి ఉందంటే, నీళ్లు తగలకుండా చూసుకున్నంతవరకూ మీ పిల్లల కాలం దాకా బెంగ లేదు. అక్కడక్కడా పెచ్చులు ఊడితే మామూలు మరమ్మతు: చువ్వ వెనకభాగం కనిపించేదాకా చెక్కి, తుప్పు పూర్తిగా రుద్ది, మరమ్మతు మోర్టారుతో నింపడం. పైపైన సిమెంటు మెత్తి రంగు వేస్తే మాత్రం కొద్ది ఏళ్లలోనే మళ్లీ ఊడుతుంది. చాలాచోట్ల, వరసగా, ఒకే లోతులో ఊడుతుంటే అప్పుడు మీ నాన్నగారి మాట వినాల్సిన అవసరం రావచ్చు.

అద్దాల సంగతి. ఆ గోడ పొడుగు అద్దాలు నచ్చే మీరు ఇల్లు కొనాలనుకుంటున్నారని తెలుసు. ఆనాటివి ఒంటి పొర అద్దాలు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరు గుండా దాదాపు 5.7 వాట్ల వేడి అటూఇటూ పోతుంది. మామూలు రెండు పొరల అద్దానికి అందులో సగం. లోహపు పూత, మధ్యలో ఆర్గాన్ వాయువు ఉన్నదైతే 1.1, 1.2 దాకా తగ్గుతుంది. ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె 1951లో పూర్తిచేసిన ఫార్న్స్‌వర్త్ హౌస్ నాలుగువైపులా అద్దమే. చలికాలం అద్దాల మీద చెమటలు, ఎండాకాలం లోపల ఉడుకు, ఆ ఇంటి మీద మొదటి నుంచీ ఉన్న ఫిర్యాదులివే. అలాగని ఫ్రేములతో సహా పీకేసి లావుపాటి ప్లాస్టిక్ ఫ్రేములు పెట్టించడం నేను ఒప్పుకోను. 4 సెంటీమీటర్ల ఫ్రేము స్థానంలో 11 సెంటీమీటర్లది వస్తే తోట చిన్నదైపోతుంది, గది చీకటి పడుతుంది, ఇంటి ముఖమే మారిపోతుంది. ఇప్పుడు వాక్యూమ్ గ్లేజింగ్ అని 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందంలో దొరుకుతోంది, రెండు పొరల మధ్య గాలి తీసేస్తారు, చాలా పాత ఫ్రేముల్లో పడుతుంది. ఖరీదెక్కువ. అందుకే అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. ఎక్కువసేపు కూర్చునే గది ముందు, మిగతావి తర్వాత.

ఎండకి మాత్రం అద్దం మార్చడం కన్నా బయట నీడ కల్పించడం మేలు. లోపలి కర్టెన్ వేడిని లోపలికి వచ్చాక ఆపుతుంది. బయటి బ్లైండ్, చూరు, ఆకులు రాల్చే చెట్టు రాకముందే ఆపుతాయి. ఈ ఇళ్లు డిజైన్ చేసినవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు, చూరు ఎంత ముందుకు రావాలో సూర్యుడి ఎత్తుని బట్టి లెక్కగట్టేవారు. తర్వాతెవరో చూరు కత్తిరించారేమో, బయటి బ్లైండ్ల పట్టాలు మిగిలి ఉన్నాయేమో చూడండి. ఫ్రేముల్ని పరీక్షించడం తేలికే: చెక్కవైతే అడుగు పట్టీలో, నిలువు పట్టీ కలిసే మూలలో స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కండి. మెత్తగా దిగితే చెక్క పుచ్చింది. ఇనుపవైతే అడుగున తుప్పు ఉబ్బి అద్దాన్ని నొక్కుతుంటుంది, అద్దం మూలలో వంపు తిరిగిన పగులు దాని గుర్తు.

పిల్లలున్నారు కాబట్టి ఇది వాయిదా వేయకండి: ఆనాటి అద్దాలు చాలామటుకు టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచినవి) కావు, పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతాయి. టఫెన్డ్ అద్దానికి మామూలుగా ఒక మూలన చిన్న ముద్ర ఉంటుంది. అది లేకపోతే తలుపుల్లో, తలుపుల పక్కన, మోకాలెత్తు దాకా కిందికి దిగే అద్దాలన్నిటికీ సామాన్లు చేరకముందే సేఫ్టీ ఫిల్మ్ వేయించండి లేదా లామినేటెడ్ అద్దం (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్నది) పెట్టించండి. బాల్కనీ రెయిలింగూ చూడండి. ఈ కాలపు ఇళ్లలో అడ్డంగా పరిచిన కమ్మీలు ఎక్కువ, పిల్లలకి అవి నిచ్చెన మెట్లే. సందులు 10 సెంటీమీటర్ల కన్నా వెడల్పుగా ఉంటే తల దూరుతుంది. లోపలివైపు పారదర్శకమైన షీటు బిగిస్తే రెయిలింగ్ చెడదు, పిల్లలు పెద్దయ్యాక తీసేయొచ్చు. మెట్ల మధ్య ఖాళీలకీ అదే ఉపాయం.

ఇంత పెద్ద చెట్లు ఇంటికి అందం, చలవ, ఆపైన కొంచెం చాకిరీ. చదునైన కప్పుకి ఆకులే ప్రథమ శత్రువు. రెండు తూములున్న కప్పులో ఒకటి మూసుకుపోతే మొత్తం నీళ్లు రెండోదాని మీద పడతాయి. ఆకులు రాలే కాలంలో నెలకి రెండుసార్లు తూములు శుభ్రం చేయించడం ఇంటి ఖర్చుల్లో రాసుకోండి. పిట్టగోడకి ఒక పొర్లు రంధ్రం లేకపోతే పెట్టించండి, తూములు రెండూ మూసుకుపోయినా నీళ్లు అటునుంచి బయటికి పడతాయి. చూసేవాళ్లకి కూడా ఏదో తేడా ఉందని వెంటనే తెలుస్తుంది.

నేల కింద ఇంకో కథ. పాత మట్టి డ్రైనేజీ గొట్టాల అతుకుల్లోంచి వేర్లు దూరి లోపల జడల్లా పెరుగుతాయి. కెమెరా పంపి చూపించమని ప్లంబరుని అడగండి, పెద్ద ఖర్చు కాదు. నేల బంకమట్టి అయితే వేర్లు నీళ్లు పీల్చినప్పుడు మట్టి కుంచించుకుపోయి పునాది దిగుతుంది. అది విని చాలామంది చెట్టు కొట్టించేస్తారు. అప్పుడు అదే మట్టి నీళ్లు తాగి మళ్లీ ఉబ్బుతుంది, నేల పైకి లేస్తుంది, కొత్త పగుళ్లు వస్తాయి. ఇంటికన్నా ముందు నుంచీ ఉన్న చెట్టు అయితే మరీ ప్రమాదం. పునాదికి దగ్గరగా ఉన్న పెద్ద చెట్టు జోలికి ఇంజినీరునీ చెట్ల నిపుణుణ్నీ కలిపి అడగకుండా వెళ్లకండి. కొన్ని చెట్లకి చట్టపరమైన రక్షణ ఉంటుంది, అదీ కనుక్కోండి.

మిగతావి త్వరగా చెబుతాను. వైరింగు 60 ఏళ్ల నాటిదైతే మార్చాల్సిందే. కాకపోతే అటక లేని ఇంట్లో కొత్త వైర్లు ఎటు నుంచి వేయాలన్నది పెద్ద ప్రశ్న. కప్పు పొరలు తీసి కొత్తవి వేసేటప్పుడే ఇన్సులేషన్ కింద నుంచి వైర్లు లాగించేస్తే గోడలు చెక్కక్కర్లేదు. అందుకే ఈ రెండు పనులూ ఒకే ఏడాది పెట్టుకోండి. నేలలో వేడినీటి గొట్టాలు పరిచారేమో అడగండి. కాలిఫోర్నియాలో జోసెఫ్ ఐక్లర్ కట్టించి అమ్మిన దాదాపు 11,000 ఇళ్లలో చాలావాటికి అవి ఉన్నాయి. రాగి దొరకని రోజుల్లో ఉక్కు గొట్టాలు వేసినచోట తుప్పుపట్టి నేలలోపలే కారాయి. ప్రెషర్ టెస్టు చేయిస్తే తేలిపోతుంది. ఆస్బెస్టాస్ ఆ కాలపు ఫ్లోర్ టైల్స్‌లో, వాటి కింది నల్లటి జిగురులో, గొట్టాల చుట్టూ, సన్నటి సిమెంటు షీట్లలో విరివిగా వాడారు. పగలకుండా ఉన్నంతసేపు పెద్ద ప్రమాదం లేదు, కోసినా రుద్దినా డ్రిల్ చేసినా ప్రమాదమే. ల్యాబ్ రిపోర్టు రాకముందు ఏ మేస్త్రీనీ దేన్నీ ముట్టుకోనివ్వకండి. పాత రంగుల్లో సీసం ఉంటుందన్నది కూడా పిల్లలున్న ఇంట్లో గుర్తుంచుకోవాలి, రంగు గీకించే ముందు పరీక్ష చేయించండి.

గోడల గురించి ఒక హెచ్చరిక. ఈ ఇళ్లలో స్తంభాలు, దూలాలే బరువు మోస్తాయి కాబట్టి గోడలు ఎలాగైనా జరుపుకోవచ్చని అంటారు. సగమే నిజం. ఇంట్లో ఎక్కడో ఒక దిట్టమైన ఇటుక గోడో, రాతి గోడో, మెట్ల చుట్టూ కాంక్రీటు గోడో ఉంటుంది. అది పై బరువు మోయకపోవచ్చు, కానీ గాలికీ భూకంపానికీ ఇల్లు పక్కకి ఊగకుండా పట్టుకునేది అదే. చుట్టూ అద్దాలున్న ఇంట్లో ఆ పని చేసేది ఇంకేదీ ఉండదు. వంటగదిని హాలులో కలుపుదామని ఆ గోడ తీయించారో, ఇల్లు నిలబడే ఉన్నట్టు కనిపిస్తుంది, పెద్ద గాలి వచ్చే దాకా.

ఇలాంటి ఇంట్లో రోజూ ఉండటం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. మొజాయిక్ గచ్చు, అద్దం, కాంక్రీటు, అన్నీ శబ్దాన్ని తిప్పికొట్టేవే. ఇద్దరు పిల్లలు ఆడుతుంటే హాలు మోగిపోతుంది. పెద్ద కార్పెట్, పుస్తకాల అర, బరువైన కర్టెన్ తెచ్చుకుంటే సగం బాధ తీరుతుంది. రాత్రి లైటు వేశాక బయటివాళ్లకి లోపలంతా కనిపిస్తుంది, తోటలో రెండు దీపాలు పెడితే అద్దంలో నల్లటి చీకటి పోయి చెట్లు కనిపిస్తాయి, మీకూ వెలితిగా అనిపించదు. పడకగదులు చిన్నవి, అది లోపం అనుకోకండి. అందరూ కలిసి ఉండే చోటుకి ఎక్కువ స్థలం ఇవ్వాలని కావాలనే అలా చేశారు. నడవా వెంబడి ఉన్న అల్మారాలు అందుకే పెట్టారు, అవి తీసేస్తే గదుల్లో బీరువాలు పెట్టుకోవాలి, అప్పుడు ఆ గదులు నిజంగానే చాలవు. కొన్నాక కప్పు, వైరింగు, అద్దాల భద్రత ఈ మూడూ చేయించి, మిగతావి ఒక ఏడాది ముట్టుకోకుండా ఉండి చూడమని నా క్లయింట్లందరికీ చెబుతాను. ఎండ ఏ నెలలో ఎక్కడిదాకా వస్తుందో చూశాక, ముందు పనికిరాదనుకున్న చాలావాటికి కారణం తెలుస్తుంది.

మీ నాన్నగారి వాదనలో బలం లేకపోలేదు. ఆయన్ని ఎదిరించేకన్నా లెక్కతో మాట్లాడండి. మూడు అంకెలు తెచ్చుకోండి: ఖాళీ స్థలం ధర, ఇప్పుడు అడుగుతున్న ధర, ఇంజినీరు రిపోర్టు ప్రకారం మరమ్మతుల అంచనా. పడగొట్టడం, చెత్త తరలించడం, ఆస్బెస్టాస్ ఉంటే దాన్ని ప్రత్యేకంగా తీయించడం, కొత్త ఇల్లు పూర్తయ్యే దాకా కట్టే అద్దె, ఇవన్నీ ఆయన లెక్కలోనూ చేర్చండి. ఇప్పటి నియమాల ప్రకారం కొత్త ఇల్లు హద్దుల నుంచి ఎంత జరగాలో, ఎన్ని చెట్లు పోతాయో ఆర్కిటెక్ట్‌తో ఒక చిన్న స్కెచ్ వేయించి చూపించండి. చాలా స్థలాల్లో ఇప్పుడున్నంత మంచి చోట ఇల్లు మళ్లీ కట్టనివ్వరు. అసలు పడగొట్టడానికి అనుమతి ఉందో లేదో కూడా చూడాలి. ఈ కాలపు కట్టడాలని కాపాడుకోవాలని 1988లో నెదర్లాండ్స్‌లో డోకోమోమో సంస్థ మొదలైనప్పటి నుంచి చాలా దేశాల్లో ఇలాంటి ఇళ్లు రక్షిత జాబితాల్లోకి చేరుతున్నాయి. జాబితాలో ఉంటే అద్దం మార్చాలన్నా అనుమతి కావాలి, కొన్నిచోట్ల మరమ్మతుకి సాయమూ దొరుకుతుంది. బ్యాంకు విలువ కట్టేవాళ్లకి పోల్చడానికి పక్కన అలాంటి ఇల్లు ఉండదు కాబట్టి విలువ తక్కువ రాస్తారు, లోను కొంత తగ్గొచ్చని ముందే అనుకోండి. బీమా కంపెనీ కప్పు గురించి గుచ్చిగుచ్చి అడుగుతుంది, ఇంజినీరు రిపోర్టు అక్కడా పనికొస్తుంది.

ఈ వారంలో చేయాల్సింది ఇది. అసలు డ్రాయింగులు ఉన్నాయేమో అమ్మే కుటుంబాన్ని అడగండి. వాళ్ల దగ్గర లేకపోతే అప్పట్లో అనుమతిచ్చిన స్థానిక సంస్థ రికార్డుల్లో వెతికించండి. స్లాబ్‌లో చువ్వలు ఎక్కడున్నాయో ఆ కాగితం చెబితే ఇంజినీరుకి సగం పని తగ్గుతుంది. కాంక్రీటు మరమ్మతుల్లో అనుభవం ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరుతోనే పరీక్ష చేయించండి, అమ్మకం ఏజెంటు సూచించిన మనిషి వద్దు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒప్పందంలో కప్పు, బాల్కనీ పరీక్షల ఫలితం మీద షరతు పెట్టించండి. గోడలోని అల్మారాలు, అప్పటి లైట్లు, తలుపు పిడులు, బయటి బ్లైండ్లు ఇంటితోపాటే వస్తాయని ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయించుకోండి. ఈ కాలపు వస్తువులు విడిగా మంచి ధర పలుకుతున్నాయి, తాళాలు చేతికి వచ్చే రోజుకి గోడల మీద బెజ్జాలే మిగిలిన ఇళ్లు నేను చూశాను.